పడవలో గ్యాస్ ఫ్రిజ్ విప్పే ముందు జాగ్రత్తలు

గ్యాస్ మంటతో నడిచే పాత ఫ్రిజ్‌ను తీసేసేటప్పుడు, ఆర్పే ముందు ఒకసారి మంట చూడండి. నీలంగా ఉంటే సరే. పసుపుగా ఉండి మసి పడుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతున్నట్టే, దానికి వాసన ఉండదు. అలాంటి ఫ్రిజ్‌ను మళ్లీ వెలిగించకండి.

సిలిండర్ వాల్వు కట్టేసి, బర్నర్ దానంతట అదే ఆరేదాకా ఆగండి.

ఎల్‌పీజీ గాలికన్నా బరువు. కారితే పడవ అడుగుకు చేరి అక్కడే పేరుకుంటుంది, కిటికీలు తెరిచినంత మాత్రాన పోదు. అడుగు పలక ఎత్తి వాసన చూడండి. తగిలిందా, ఏ స్విచ్చూ ముట్టుకోకండి, నీళ్లు తోడే పంపుది కూడా. అందరూ ఒడ్డెక్కండి.

ఫ్రిజ్ వెనుక గొట్టాల్లో ఒత్తిడితో అమ్మోనియా, హైడ్రోజన్ ఉంటాయి. కోయవద్దు, గుచ్చవద్దు. అక్కడ పసుపు పొడి కనిపిస్తే ఇప్పటికే కారినట్టు.

ఫ్రిజ్ తీశాక పడవలో మిగిలిన గ్యాస్ గొట్టం చివరకు సరైన మూత బిగించాలి. టేపు చుట్టడం మూత కాదు. అర్హత ఉన్న గ్యాస్ మెకానిక్ చేతనే చేయించండి. గ్యాస్ కారుతోందేమో సబ్బునీళ్లు పూసి బుడగలు చూడాలి, అగ్గిపుల్లతో కాదు.

కొత్తది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ అయితే తీగ మందం, బ్యాటరీ సామర్థ్యం ముందే లెక్క చూసుకోండి. పాత పొగగొట్టం రంధ్రం మూయవచ్చు. గాలి రంధ్రాలు మాత్రం, గ్యాస్ పొయ్యి ఇంకా ఉంటే, మూయకండి.