వియత్నాం వెళ్లేవారికి పాఠాలు – 4: వరస కలిపి పిలవడం

పోయిన పాఠంలో వియత్నామీ భాషలోని ఆరు స్వరాలు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు హెచ్చుతగ్గులు, సాధన చేశాం. 'బా' అనే మాటను గొంతు దించుతూ పలకడం వచ్చిందా? రాకపోతే ఈ పూట అక్కడే ఆగి, రేపు ఇటు రండి. ఈ పాఠంలో ఆ మాటతో పని ఉంది.

హనోయిలో ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసి ఐస్ టీ అమ్మే ఒకావిడ, గ్లాసు చేతికివ్వకముందే నేను ఏ సంవత్సరంలో పుట్టానో అడిగింది. మొదట ఇబ్బందిగా అనిపించింది. చెప్పగానే మనసులో లెక్క కట్టుకుని, అప్పటినుంచి నన్ను 'ఎమ్' అని పిలిచింది. తమ్ముడికైనా చెల్లికైనా అదే మాట. తనను తాను 'చి' అనుకుంది, అంటే అక్క. వయసు తెలిస్తే తప్ప నన్ను ఏమని పిలవాలో, తనను ఏమనుకోవాలో ఆవిడకు తేలదు. అందుకే అక్కడ వయసు అడగడం మర్యాదే.

'నేను' అనడానికి 'తోయ్' అనే మాట ఉంది. ఒకప్పుడు సేవకుడు అనే అర్థమున్న మాట అది. పరాయివాళ్లతో వాడినా తప్పులేదు కానీ, ఆ మాటలో చనువు ఉండదు. దాని బదులు వరస వాడండి. ఇందులో మనకు కొత్తగా ఉండేది ఒక్కటే, ఎదుటివారితో పాటు మనల్ని మనం కూడా వరసతోనే చెప్పుకోవాలి. అదీ మరీ కొత్త కాదు. ఏడుస్తున్న పిల్లాడితో తల్లి "అమ్మ ఇప్పుడే వస్తుంది, ఏడవకు" అంటుంది కదా! ఆ పద్ధతినే పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా పాటిస్తే చాలు.

ఇక మాటలు. అన్నను 'ఆఞ్' అంటారు. బడిలో నేర్చుకుని తర్వాత మనం పెద్దగా వాడని ఞ, ఙ అక్షరాలు ఇక్కడ పనికొస్తాయి. వియత్నాంలో ఎక్కడ చూసినా కనిపించే ఇంటిపేరు 'ఙుయెన్' మొదలయ్యేది ఆ ఙతోనే. ఉత్తరాదిన నాన్న తమ్ముడు 'చూ', నాన్న చెల్లెలు 'కో', అమ్మ తమ్ముడు 'కఉ', అమ్మ చెల్లెలు 'జీ' (దక్షిణాదిన 'యీ'). అంటే బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని. ఇంగ్లిష్‌వాళ్లు అందరినీ రెండు మాటల్లో సరిపెడతారు. మనకు మాత్రం ఈ తేడాలన్నీ ఇంట్లోనే వచ్చేశాయి. అమ్మకైనా నాన్నకైనా పెద్ద తోబుట్టువు, ఆడ అయినా మగ అయినా, ఉత్తరాదిన 'బాక్'. బజారులో కొత్తవారు ఎదురైతే మీ నాన్న వయసుతో పోల్చుకోండి. ఆయనకంటే పెద్దగా కనిపిస్తే బాక్, చిన్నగా కనిపిస్తే చూ. అలాంటివారి ముందు మీరు 'చాఉ' అవుతారు, దక్షిణాదిన 'కొన్'.

వాక్యం చివర 'ఆ' అని గొంతు కిందికి నొక్కి ఆపితే అది మన 'అండీ'తో సమానం. "ఎమ్ చాఓ చి ఆ" అంటే "అక్కా, నమస్కారమండీ" అని. దీన్ని ఇరవైసార్లు పైకి అనండి. తర్వాత "చాఉ చాఓ బాక్ ఆ" అనండి.

పేరు కలపాలంటే వరస తర్వాత పేరు పెట్టాలి. వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర వస్తుంది. పిలిచేది ఆ చివరి పేరుతోనే. దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచివారిని ఓడించిన వో ఙుయెన్ జాప్‌ను జనం 'జనరల్ జాప్' అనేది అందుకే. ఇందుకు భిన్నంగా 1945 సెప్టెంబర్ 2న హనోయి బా దిన్ మైదానంలో స్వాతంత్ర్యం ప్రకటించిన హో చి మిన్‌ను 'బాక్ హో' అంటారు. 'హో' ఆయన పెట్టుకున్న పేరులోని ఇంటిపేరు. పెదనాన్న వరస కలిపి పిలుస్తున్నారన్నమాట. ఆ ఒక్క మాట అర్థమైతే ఆయన సమాధి ముందు బారులు తీరే జనాన్ని మీరు చూసే తీరు మారుతుంది.

'బా' అంటే అవ్వ, గౌరవనీయురాలు. క్రీ.శ. 40లో చైనా హాన్ పాలన మీద తిరగబడి 43 వరకు నిలిచిన ట్రుంగ్ అక్కాచెల్లెళ్లను 'హాయ్ బా ట్రుంగ్' అంటారు, 'హాయ్' అంటే రెండు. హనోయిలో, సైగాన్‌లో ఆ పేరుతో వీధులున్నాయి. బోర్డు కనిపిస్తే ఆగి చదవండి. మామూలు ఆడవాళ్లను మాత్రం తొందరపడి బా అనకండి, నొచ్చుకుంటారు. సందేహముంటే చి అనండి.

తాతను 'ఓఙ్' అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస ఇది, ఎందుకంటే ఇది మనుషులతో ఆగదు. ఆకాశం 'ఓఙ్ చాయ్', ఆకాశం తాత. తీరంలో జాలర్లు తిమింగలాన్ని 'కా ఓఙ్' అంటారు, 'కా' అంటే చేప. ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయిన తిమింగలానికి అంత్యక్రియలు చేసి, ఎముకలను గుడిలో భద్రపరుస్తారు. వూంగ్ తావ్‌లో అలాంటి గుడి చూడొచ్చు. ఆకాశం తాతకు మేనమామ ఎవరో తెలుసా? గోదురు కప్ప. వానల్లేక లోకం ఎండిపోతే కప్ప వెళ్లి స్వర్గంలో నిలదీసిందని కథ. అప్పటినుంచి అది అరిస్తే వాన పడాల్సిందేనట. మన ఊళ్లలో రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట చూసినవారికి ఈ వరస వెంటనే అర్థమవుతుంది.

ఈ వారం పని: మీ ఇంట్లో, వీధిలో పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరికి వియత్నామీ వరస ఏమవుతుందో, వారి ముందు మీరేమవుతారో రాసి, పలకరింపు పైకి చెప్పండి. వచ్చే పాఠంలో చాంద్రమాన పన్నెండో నెల 23న చేప మీద ఎక్కి ఆకాశానికి వెళ్లే వంటింటి దేవుళ్ల సంగతి చూద్దాం. వారి పేర్ల ముందు కూడా ఓఙ్ ఉంటుంది.