పంట బీమా ఎంతవరకు కాస్తుంది: గజపతి, గంజాం వరి రైతులు విత్తుకు ముందే వేసుకోవాల్సిన లెక్క

ప్రధానమంత్రి ఫసల్ బీమా (ప్రభుత్వ పంట బీమా) కొలిచేది మీ చేను కాదు, మీ పంచాయతీ సగటు దిగుబడి. ఒడిశాలో వరి నష్టాన్ని లెక్కగట్టే యూనిట్ గ్రామ పంచాయతీయే. పర్లాకిమిడి, కాశీనగర్ వైపు "చేను పోయింది, పైసా రాలేదు" అనే మాటకి చాలావరకు కారణం ఇదే. 2023 ఖరీఫ్ నుంచి ఒడిశా రైతు కట్టేది ఒక్క రూపాయి. అంచేత ప్రీమియం ఎంతని కాదు, బీమా దేన్ని కాయదో చూసుకోవాలి.

బ్లాక్ వ్యవసాయ ఆఫీసులో మూడు అంకెలు అడగండి: పంచాయతీ గత ఏడేళ్ల దిగుబడి, నష్టపరిహార స్థాయి (70, 80, 90 శాతాల్లో ఏదో ఒకటి), హెక్టారుకి బీమా మొత్తం. లెక్క కోసం ఏడేళ్ల దిగుబడి హెక్టారుకి 42, 38, 30, 40, 18, 41, 39 క్వింటాళ్లనుకుందాం. మంచి అయిదేళ్ల సగటు 40. దానిలో 80 శాతం, అంటే 32, హామీ దిగుబడి. ఈ ఏడు పంచాయతీ సగటు 24 వస్తే లోటు 8. 32లో 8 అంటే పావు వంతు. బీమా మొత్తం 60,000 అయితే హెక్టారుకి 15,000, ఎకరానికి సుమారు 6,000. మీ చేలో 5 క్వింటాళ్లే పండినా అంతే. పంచాయతీ సగటు 33 ఉంటే మీకు సున్నా.

ఇలా ఎందుకు పెట్టారు? ఒక్కొక్కరి చేను చూసి చెల్లిస్తే కలుపు తీయనివాడికీ పరిహారం వస్తుంది, పైగా లక్షల మడులు తిరిగి కొలవడం అయ్యే పని కాదు. ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ 1976లోనే ప్రాంత సగటు పద్ధతి కావాలని వాదించారు. మరో పక్కన ఇంకో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో పాలమూరు ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని షిరాపూర్, కంజారా ఊళ్ల లెక్కలు చూశారు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండీ ఖర్చూ అంతగా పడలేదు, ఊరి సగటుతోనే నడిచాయి. భూమి లేనివాళ్లకి మాత్రం ఆ ఆసరా తక్కువ. ఒక్కరికి పోతే చేబదులు, వడ్ల అప్పు ఆదుకుంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినట్టు ఊరంతటికీ పోతే ఎవరు ఎవరికి ఇస్తారు? బీమా పని ఆ ఏడే.

అందుకని ఓ నోటుబుక్కులో పంచాయతీ సగటు పక్కన మీ దిగుబడి రాయండి. రెండూ ఒకే ఏడు పడుతుంటే బీమా మీకు బాగా సరిపోతుంది. వంశధార ఒడ్డు పల్లపు మడి, కాలువ చివరి మడి ఊరు బాగున్న ఏడు కూడా పోతాయి. వాటి నష్టానికి విత్తనం, ఏడాది తిండిగింజలు విడిగా దాచుకోవాల్సిందే.

దరఖాస్తులో చిక్కంతా పేర్లతోనే. పట్టా ఒడియాలో, ఆధార్ ఇంగ్లీషులో ఉంటాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడ వెనక రాస్తారు. పట్టా, ఆధార్, పాస్‌బుక్ మూడూ కలుస్తున్నాయో సరిచూసుకోండి. బ్యాంకు అప్పు మీద బీమా అయితే పాలసీలో పంచాయతీ పేరు తప్పక చదవండి. అది తప్పైతే వేరే ఊరి సగటు మీకు పడుతుంది.

పంచాయతీ సగటు తేల్చేది పంట కోత ప్రయోగమే, ఆ రోజున తప్పకుండా అక్కడుండండి. పంచాయతీకి కనీసం నాలుగు మడులు. 5 మీటర్లకి 5 మీటర్లు గీసి కోసి, నూర్చి తూస్తారు. 6 కిలోలు వస్తే హెక్టారుకి 24 క్వింటాళ్లు. ఒక్క మడిలో కిలో ఎక్కువ రాసినా నాలుగింటి సగటు హెక్టారుకి క్వింటాల్ పెరుగుతుంది. పై లెక్కలో పంచాయతీలో ప్రతి రైతూ హెక్టారుకి 1,875 పోగొట్టుకుంటాడు. గీసిన మడి 5 మీటర్ల కంటే పెద్దదిగా ఉందా, తడి గింజ తూచి ఎండు తరుగు తీయలేదా, ఈ రెండూ చూడండి.

మీ చేనొక్కటే పోయినా బీమా చూసే సందర్భాలు కొన్నున్నాయి: వడగళ్లు, కొండచరియలు, పిడుగు మంటలు. వరి ముంపును 2018లో తీసేశారు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో చెప్పింది, మీ నోటిఫికేషన్‌లో ఉందో లేదో చూసుకోండి. కోసి చేలో పనల మీద ఆరేసిన వరికి తుపాను, అకాల వర్షాల నుంచి 14 రోజులు రక్షణ ఉంది. కుప్ప వేశాక లేదు. దేనికైనా 72 గంటల్లో 14447కి గానీ క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో గానీ చెప్పాలి. ఫోన్‌లో లొకేషన్ పెట్టి, గట్టూ తడిసిన పనలూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు అదే నోటుబుక్కులో రాసుకోండి.