బ్యాంకు లాకర్‌కు దరఖాస్తు: ఫారం నింపడం నుంచి ఖాళీ చేసేదాకా

లాకర్ ఖాళీ ఉందా అని బ్యాంకులో అడిగితే "ఇప్పుడు లేవండీ, మళ్ళీ కనుక్కోండి" అనే జవాబు తరచుగా వస్తుంటుంది. శ్రావణమాసం ముందు, పెళ్ళిళ్ళ సీజన్లో అయితే మరీను. ఆ మాట విని వెనక్కి వచ్చేస్తే మీరు అడిగినట్టు ఎక్కడా రాసి ఉండదు. కాబట్టి దరఖాస్తు కాగితం మీద ఇవ్వండి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశాలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఖాళీ లాకర్ల జాబితా, వెయిటింగ్ లిస్టు బ్రాంచీలవారీగా కంప్యూటర్లో ఉండాలి. వచ్చిన ప్రతి దరఖాస్తుకూ అందినట్టు రసీదు ఇవ్వాలి. లాకర్ లేకపోతే వెయిటింగ్ లిస్టు నంబరు ఇవ్వాలి. ఆ నంబరు చేతిలో ఉంటే, మన తర్వాత వచ్చినవాళ్ళకు ముందెలా ఇచ్చారని అడగొచ్చు.

ఫారం నింపేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. లాకర్ విషయంలో బ్యాంకు పెట్టెను అద్దెకిస్తుంది, ఆ గదికి కాపలా పెడుతుంది. లోపల మనం ఏం పెట్టామో దానికి తెలియదు, రాసుకోదు. బంగారం తాకట్టు పెట్టి లోన్ తీసుకుంటే వేరు. బంగారానికి విలువ కట్టే అప్రైజరు తూకం వేసి, నాణ్యత చూసి, వివరాలన్నీ కాగితం మీద పెడతారు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో దొంగలు గ్యాస్ కట్టరుతో ఒక బ్యాంకు బ్రాంచీని దోచి సుమారు 19 కిలోల తాకట్టు బంగారం ఎత్తుకెళ్ళారు. అది తాకట్టు బంగారం గనక ఎవరి ప్యాకెట్లో ఎంత ఉందో బ్యాంకు దగ్గర లెక్క ఉంది. అద్దె లాకర్లో పోయిన నగకు అలాంటి లెక్క ఏమీ ఉండదు. అందుకే లాకర్ తీసుకునే రోజున మనం రాసే కాగితాలు, దాచుకునే కాగితాలు నగలంత ముఖ్యం.

ఏ బ్రాంచీ, బ్యాంకు బాధ్యత ఎంత

ఇంటికి దగ్గరని చూసుకోవడం సహజమే. దాంతోపాటు లాకర్ గది ఎక్కడుందో కూడా చూడండి. సెల్లారులోనో, వాన పడితే నీళ్ళు నిలిచే వీధిలోనో ఉంటే నేనైతే వద్దంటాను. భూకంపం, వరద, పిడుగు వంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల జరిగే నష్టానికి బ్యాంకు బాధ్యత వహించదని నిబంధనల్లోనే ఉంది. జాగ్రత్త మాత్రం బ్యాంకు తీసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగిన సంగతి తెలిసినవాళ్ళు ఈ మాటను తేలిగ్గా తీసుకోరు.

అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగుల మోసం, వీటికి మాత్రం బ్యాంకు జవాబుదారీ. అయితే ఎంతవరకు? ఆ లాకర్ ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు. ఏడాదికి 2,000 రూపాయల అద్దె ఉన్న చిన్న లాకర్ అయితే 2 లక్షలు. తులం బంగారం లక్ష దాటిన ఈ రోజుల్లో ఆ డబ్బు రెండు తులాలకు సరిపోదు. పుస్తెలతాడు, నాలుగు గాజులు, ఒక హారం ఉన్న మామూలు ఇంటి నగలకు కూడా ఇది ఏ మూలకూ రాదు. బ్యాంకు డిపాజిట్లకు ఉండే 5 లక్షల బీమా కూడా లాకర్లోని వస్తువులకు వర్తించదు. ఆ బీమా ఖాతాలోని డబ్బుకే.

ఆ మిగిలిన తేడాకు నగల బీమా తీసుకోవచ్చు. ఇంటి బీమా పాలసీలు కొన్నిటిలో లాకర్లో ఉన్న నగలకు కూడా రక్షణ ఉంటుంది. పాలసీ ఇచ్చేముందు కంపెనీ వాల్యుయేషన్ సర్టిఫికెట్టు అడగొచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: లాకర్లోని వస్తువులకు బీమాను బ్యాంకు తానే నేరుగా గానీ పరోక్షంగా గానీ అమ్మకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. లాకర్ కావాలంటే ఈ పాలసీ తీసుకోండి అని కౌంటర్లో ఎవరైనా అంటే అది చెల్లదు.

ఇవ్వాల్సిన కాగితాలు, కట్టాల్సిన డబ్బు

దరఖాస్తు ఫారం, ఇటీవల తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పాన్, ఆధార్ లేదా చిరునామా రుజువుగా చెల్లే ఇంకొక పత్రం. జాయింటుగా తీసుకుంటే అందరివీ. మీ తరఫున లాకర్ తెరవడానికి ఇంకెవరినైనా నియమిస్తే వాళ్ళ ఫొటో కూడా బ్రాంచీలో ఉంటుంది. ఆ బ్యాంకులో ఖాతా లేనివాళ్ళకు కూడా కేవైసీ పూర్తిచేసి లాకర్ ఇవ్వొచ్చని నిబంధన ఉంది. ఆచరణలో చాలా బ్రాంచీలు ముందు సేవింగ్స్ ఖాతా తెరవమంటాయి. అద్దె దాన్నుంచే తీసుకోవడం వాళ్ళకు సులువు గనక దీని మీద పెద్దగా పోట్లాడక్కర్లేదనుకుంటాను.

పోట్లాడాల్సింది ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గర. "రెండు లక్షలు ఎఫ్‌డీ వేస్తే లాకర్ చూద్దాం" అనే మాట ఊరూరా వినిపిస్తుంది. లాకర్ ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇలాంటి డిపాజిట్ అడగొచ్చు, నిజమే. కానీ అది మూడేళ్ళ అద్దెకు, అవసరమైతే లాకర్ పగలగొట్టించే ఖర్చుకు సరిపడా ఉంటే చాలు. 2,000 అద్దె లాకర్‌కు మూడేళ్ళ అద్దె 6,000. పగలగొట్టే ఖర్చు కలిపినా అది లక్షలకు చేరదు. ఇప్పటికే లాకర్ ఉండి అద్దె సరిగ్గా కడుతున్నవాళ్ళను కొత్తగా డిపాజిట్ వేయమని ఒత్తిడి చేయకూడదు.

అద్దె ముందే కట్టాలి. దాని మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. ఏడాదిలో ఇన్నిసార్లే ఉచితంగా తెరవొచ్చు, ఆపైన ప్రతిసారీ ఛార్జి అనే షరతు కొన్ని బ్యాంకుల్లో ఉంది, అడిగి తెలుసుకోండి.

ఒప్పందం మీద సంతకం

అసలు పని ఇక్కడే ఉంది. స్టాంప్ పేపరు మీద బ్యాంకుకూ మీకూ మధ్య ఒప్పందం జరగాలి. రెండు పక్కలా సంతకాలైన కాపీ ఒకటి మీకివ్వాలి, అసలు బ్రాంచీలో ఉంటుంది. "తర్వాత ఇస్తాం" అంటే తాళంచెవి తీసుకునే రోజే ఇమ్మనండి. పాత లాకర్లున్నవాళ్ళందరితో కూడా కొత్త ఒప్పందాలు రాయించే గడువును రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు 31 దాకా పెంచింది. మీ అమ్మగారో నాన్నగారో ఎప్పుడో తీసుకున్న లాకర్ ఉంటే, కొత్త ఒప్పందం మీద సంతకం అయిందో లేదో ఒకసారి కనుక్కోండి.

ఈ ఒప్పందాలు, ఈ నిబంధనలు ఊరికే రాలేదు. కోల్‌కతాలో ఒక ఖాతాదారు అద్దె కట్టినా, కట్టలేదంటూ బ్యాంకు 1994లో నోటీసు కూడా ఇవ్వకుండా ఆయన లాకర్ పగలగొట్టింది. లోపల ఏడు నగలున్నాయని ఆయన అంటే, తిరిగి చేతికొచ్చింది రెండే. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 ఫిబ్రవరి 19న తీర్పు ఇస్తూ కోర్టు 5 లక్షల పరిహారం, లక్ష రూపాయల ఖర్చులు ఇప్పించింది. ఆరు నెలల్లో నిబంధనలు చేయమని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. అంత జరిగినా, లాకర్లో ఉన్నవి ఎన్ని, వాటి విలువెంత అన్న ప్రశ్నను మాత్రం కోర్టు తేల్చలేదు. అది సివిల్ కోర్టులో రుజువు చేసుకోవాలంది.

ఆ రుజువు ఎక్కడిది? నగల బిల్లులు దాచండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త హాల్‌మార్క్ నగల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉండాలి, దాన్ని రాసి పెట్టుకోండి. నాయనమ్మల నాటి కాసులపేరుకు బిల్లు ఉండదు కదా, అలాంటివాటిని అప్రైజరు దగ్గర తూకం వేయించి వాల్యుయేషన్ తీసుకోండి. ప్రతి వస్తువుకూ ఫొటో తీయండి. ఈ కాగితాలు లాకర్లోనే పెట్టకండి!

ఒప్పందంలో ఏం పెట్టకూడదో కూడా రాసి ఉంటుంది. నగలు, పత్రాలు పెట్టొచ్చు. నగదు వద్దు. ఆయుధాలు, పేలుడు పదార్థాలు, మత్తుమందులు, పాడైపోయే వస్తువులు సరేసరి. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ఒకావిడ కూతురి పెళ్ళికని లాకర్లో దాచిన 18 లక్షల నోట్లను చెదలు తినేశాయని వార్తలొచ్చాయి. ఆస్తి దస్తావేజులు పెట్టేవాళ్ళు కూడా మంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, స్కాన్ కాపీలు బయట ఉంచుకోవడం మేలు.

ఎవరి పేరు మీద, నామినీ ఎవరు

ఒక్కరి పేరు మీద, నామినీ లేకుండా లాకర్ తీసుకోవడం అన్నిటికన్నా పెద్ద టెన్షన్. ఆ మనిషికేమైనా అయితే వారసులంతా వారసత్వ కాగితాలు పట్టుకుని తిరగాలి. భార్యాభర్తలైనా, తల్లీకూతుళ్ళైనా జాయింటుగా తీసుకుని, "ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు" అని రాస్తే సులువు. ఇద్దరి సంతకాలూ ఉండాల్సిందేనని రాసి, నామినీని కూడా పెడితే, ఒకరు పోయినప్పుడు మిగిలినవారు, నామినీ కలిసి వెళ్ళి తెరవాల్సి వస్తుంది. అత్తాకోడళ్ళ మధ్య ఆ పరిస్థితి ఎలా ఉంటుందో ఫారం నింపే రోజే ఆలోచించుకోండి.

2025 నవంబరు 1 నుంచి నామినీల నిబంధనలు మారాయి. ఇప్పుడు నలుగురిదాకా పేర్లు ఇవ్వొచ్చు. బ్యాంకు డిపాజిట్లకైతే నలుగురికీ శాతాలు పంచొచ్చు గానీ, లాకర్‌కు అలా కుదరదు, వరుసక్రమమే. మొదటివారు లేకపోతే రెండోవారు, వాళ్ళూ లేకపోతే మూడోవారు. నామినేషన్ అందినట్టు రసీదు తీసుకోండి. సంతకం చేస్తే సాక్షులు అక్కర్లేదు, వేలిముద్ర అయితేనే ఇద్దరు సాక్షులు కావాలి.

నామినీ అంటే యజమాని అనుకోవద్దు. నామినీ బ్యాంకు నుంచి వస్తువులు తీసుకుంటారు, వాటిలో వారసుల హక్కు వారసులదే. వస్తువులు ఇచ్చేముందు ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట బ్యాంకు జాబితా రాస్తుంది. సీలు వేసి ఉన్న ప్యాకెట్లను విప్పి చూడాల్సిన పని దానికి లేదు. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో బ్యాంకు క్లెయిమును పరిశీలించి, ఈ జాబితా రాసే తేదీ కోసం కబురు చేయాలి.

తెరిచే రోజు

లాకర్‌కు రెండు తాళాలు. ముందు బ్యాంకు ఉద్యోగి మాస్టర్ కీ తిప్పుతారు, తర్వాత మీ తాళంచెవి. మీ తాళంచెవికి నకలు బ్యాంకు దగ్గర ఉండదు. ఉద్యోగి బయటికి వెళ్ళాకే తలుపు తీయండి. పని అయ్యాక తాళం పడిందో లేదో లాగి చూడండి, కింద ఏమైనా పడిందేమో చూడండి. రిజిస్టరులో సమయం రాసి సంతకం చేయాలి. అదే రోజు ముగిసేలోగా మీ ఫోనుకు ఎస్సెమ్మెస్, మెయిలు రావాలి. మీరు వెళ్ళని రోజున అలాంటి మెసేజి వస్తే వెంటనే బ్రాంచీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. లాకర్ గది దారిలోని సీసీ కెమెరా రికార్డు కనీసం 180 రోజులు ఉంచాలి. ఆలస్యం చేస్తే ఆ ఆధారం పోతుంది. ఫోను నంబరు మారితే బ్యాంకులో మార్పించకపోవడం మనవాళ్ళలో మామూలే, ఈ మెసేజి కోసమైనా మార్పించండి.

తాళంచెవి పోతే ఆ రోజే చెప్పాలి. లాకర్ తెరిపించి తాళం మార్చే ఖర్చంతా మీదే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ లాకర్ నడుపుతున్నవాళ్ళు రెండు గడువులు గుర్తుంచుకోవాలి. వరుసగా మూడేళ్ళు అద్దె కట్టకపోతే బ్యాంకు లాకర్ పగలగొట్టొచ్చు. అద్దె కడుతున్నా ఏడేళ్ళపాటు ఒక్కసారి కూడా తెరవకపోతే, మనిషి ఆచూకీ దొరక్కపోతే, అప్పుడూ తెరవొచ్చు. ముందు ఉత్తరం, మెయిలు, ఎస్సెమ్మెస్ పంపాలి. జవాబు లేకపోతే రెండు దినపత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషది. తెరిచేటప్పుడు అధికారితోపాటు ఇద్దరు స్వతంత్ర సాక్షులుండాలి, వీడియో తీయాలి. కాబట్టి సెలవులకు వచ్చినప్పుడు లాకర్ ఒకసారి తెరిచి వెళ్ళండి, లేదా ఇక్కడున్న అమ్మానాన్నల పేరు జాయింటుగా చేర్చండి.

గొడవ వస్తే, ఖాళీ చేస్తే

ముందు బ్రాంచీకి, తర్వాత బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది.

లాకర్ వద్దనుకుంటే తాళంచెవితోపాటు సరెండర్ దరఖాస్తు ఇవ్వాలి. ముందే కట్టిన అద్దెలో మిగిలిన కాలానికి తగ్గ డబ్బు వెనక్కి ఇవ్వాలి, మీరు అడగడం మర్చిపోవద్దు. లాకర్ కోసం వేసిన డిపాజిట్ మీద బ్యాంకు పట్టు తీసేసిందో లేదో చూసుకోండి. పెట్టె అంతా లైటు వేసి చూసి, మూలల్లో చెవిదిద్దులూ ముక్కుపుడకలూ ఇరుక్కోలేదని ఖాయం చేసుకున్నాకే తాళంచెవి అప్పగించి, అందినట్టు రసీదు తీసుకోండి.