డిస్క్ చెక్‌కి యాంటీవైరస్ అడ్డుపడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

తుఫాను సీజన్‌లో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కరెంటు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బిల్లు కొడుతుండగానే సిస్టమ్ ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ ఈడుస్తూ తెరుచుకుంటుంది, నిన్నటి ఫైలు ఓపెన్ కాదు. సరే, డిస్క్ చెక్ చేద్దామని కూర్చుంటే అదీ ముందుకు సాగదు. వీఆర్‌సీ సెంటర్ దగ్గర షాపులో అయినా, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో అయినా అప్పుడు వినపడే మాట ఒకటే: “ముందు ఆ యాంటీవైరస్ పీకెయ్యన్నా, అన్నీ సెట్ అవుతాయి.”

పీకెయ్యొద్దు. యాంటీవైరస్ కొన్నిసార్లు డిస్క్ చెక్‌కి అడ్డుపడే మాట నిజమే. దానికి విరుగుడు, యాంటీవైరస్ నడవని చోట డిస్క్ చెక్ నడపడం. ఆ చోటు విండోస్‌లోనే ఉంది, ఎలా వెళ్లాలో కింద చెబుతాను. బ్యాంకు లాగిన్లు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు ఉన్న సిస్టమ్‌ని రక్షణ లేకుండా వదిలేస్తే, డిస్క్ సమస్య కన్నా పెద్ద సమస్యను ఇంటికి పిలిచినట్టే.

అసలు గొడవ ఎక్కడ వస్తుందంటే, యాంటీవైరస్ తన ఫిల్టర్ డ్రైవర్ ఒకదాన్ని ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే లెక్క) దారిలో కూర్చోబెడుతుంది. ఏ ఫైలు తెరిచినా, రాసినా ముందు అది చూడాలి. రిపేరు చేయాల్సిన చెక్‌డిస్క్‌కేమో (డిస్క్ చెక్ చేసే విండోస్ సొంత కమాండ్ ఇది) డ్రైవ్ మొత్తం తన ఒక్కదాని చేతిలోనే ఉండాలి, అంటే లాక్ కావాలి. ఒక్క ఫైలు తెరిచి ఉన్నా ఆ లాక్ దొరకదు. షాపులో స్టాక్ లెక్క పెట్టేటప్పుడు షట్టర్ దించుతాం కదా, ఇదీ అంతే.

కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లో. చెక్‌డిస్క్ అంటే సీ, హెచ్, కే, డీ, ఎస్, కే. కమాండ్ ప్రాంప్ట్‌ని (కమాండ్లు టైప్ చేసే విండో) రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తోనే తెరవండి.

ఏ కమాండైనా కొట్టేముందు

ట్యాలీ డేటా, ఎక్సెల్ ఫైళ్లు, ఫొటోలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఇది మర్యాదకి చెప్పే మాట కాదు. చెక్‌డిస్క్ బాగుచేసేది ఫైల్ సిస్టమ్ లెక్కల్ని, మీ ఫైళ్లను కాదు. లెక్క సరిపెట్టడం కోసం పాడైన ఫైలు ముక్కను పక్కన పడేయడానికి అది వెనకాడదు. డిస్కే చచ్చిపోయే దశలో ఉంటే, స్లాష్ ఆర్‌తో (చెడ్డ సెక్టార్లను, అంటే డిస్క్‌లో చదవలేని చోట్లను వెతికే ఆప్షన్) గంటల తరబడి చదివించడం వల్ల మిగిలిన ప్రాణమూ పోవచ్చు. టిక్ టిక్ శబ్దం వస్తున్న హార్డ్ డిస్క్ మీద చెక్‌డిస్క్ అసలు వద్దు, డేటా తీసుకోవడమే పని.

లక్షణం: చెక్ చేసిన ప్రతిసారీ వేరే వేరే ఎర్రర్లు

పొద్దున చూస్తే ఒక ఎర్రరు, సాయంత్రానికి ఇంకొకటి, మధ్యలో ఒకసారి ఏమీ లేదు. ఏ స్విచ్చీ (స్లాష్‌తో చేర్చే ఆప్షన్) పెట్టకుండా చెక్‌డిస్క్ సి: అని కొడితే అది చదవడం వరకే చేస్తుంది, లాక్ తీసుకోదు. అది చదువుతుండగానే యాంటీవైరస్ లాగ్ రాస్తుంది, కొత్త డెఫినిషన్లు (వైరస్‌ల గుర్తుల జాబితాలు) దించుకుంటుంది, తాత్కాలిక ఫైళ్లు పుట్టిస్తుంది, చెరిపేస్తుంది. కదులుతున్న డ్రైవ్‌ని చదివితే లేని ఎర్రర్లు కూడా కనిపిస్తాయి. ఆ రిపోర్టు చూసి టెన్షన్ పడి కొత్త డిస్క్ కొనకండి.

చెక్‌డిస్క్ సి: స్లాష్ స్కాన్ అని కొట్టండి. విండోస్ 8 నుంచి ఇది ఉంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లకు పనిచేస్తుంది. డ్రైవ్‌కి ఒక స్నాప్‌షాట్ తీసి, ఆ కదలని ప్రతిని చదువుతుంది కాబట్టి దీని మాట నమ్మవచ్చు. యాంటీవైరస్ ఆపాల్సిన పని లేదు, కాకపోతే అదే సమయంలో ఫుల్ స్కాన్ నడవకుండా చూసుకోండి.

లక్షణం: ‘వాల్యూమ్ వేరే ప్రాసెస్ వాడుకలో ఉంది’ అనే మెసేజ్

స్లాష్ ఎఫ్ (రిపేరు చేయమని చెప్పే ఆప్షన్) పెట్టి నడిపినప్పుడు సి డ్రైవ్ మీద ఇది రావడం మామూలే. విండోస్ దాని మీదే నడుస్తోంది, యాంటీవైరస్ ఉన్నా లేకున్నా ఈ మెసేజ్ వస్తుంది. వై నొక్కి రీస్టార్ట్ చేస్తే సరి.

డి డ్రైవ్ మీదో, ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదో వస్తేనే ఎవరు పట్టుకున్నారో చూడాలి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ నుంచి రిసోర్స్ మానిటర్ తెరిచి, డిస్క్ ట్యాబ్‌లో ఫైల్ కాలమ్ చూడండి. ఆ డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే ఫైళ్ల పక్కనే ప్రాసెస్ పేరు ఉంటుంది. ఎంఎస్ఎంపీఈఎన్‌జీ అని ఉంటే అది విండోస్ డిఫెండర్. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టగానే చాలా యాంటీవైరస్‌లు స్కాన్ మొదలుపెడతాయి. అది అయ్యేదాకా ఆగడమే మందు. ఆగే టైం లేకపోతే యాంటీవైరస్ కిటికీ తెరిచి ఆ ఒక్క స్కాన్‌ను ఆపండి, రక్షణ మొత్తాన్ని కాదు.

ఇక్కడే ‘ఫోర్స్ డిస్‌మౌంట్ చేయనా’ (డ్రైవ్‌ని బలవంతంగా విడదీయనా) అని ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ డ్రైవ్‌లో డేటా ఉన్న ట్యాలీ తెరిచి ఉండగా వై నొక్కితే దాని చేతిలోని ఫైళ్లన్నీ ఉన్నపళంగా తెగిపోతాయి. ముందు అన్నీ మూసేసి, ఆ తర్వాతే వై.

లక్షణం: రీస్టార్ట్‌కి షెడ్యూల్ చేసినా చెక్ జరగదు

జనం యాంటీవైరస్‌ని ఎక్కువగా తిట్టేది దీనికే. నేను చూసినంతలో సగం సార్లు దాని తప్పే ఉండదు.

రాత్రి షాపు కట్టేటప్పుడు వై నొక్కి షట్‌డౌన్ చేస్తారు, పొద్దున్నే ఆన్ చేస్తారు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న సిస్టమ్ షట్‌డౌన్‌లో పూర్తిగా ఆగదు, విండోస్ కెర్నల్‌ని (దాని మూల భాగాన్ని) హైబర్నేట్ చేసి, అంటే ఉన్న స్థితిలోనే డిస్క్‌లో దాచి పెట్టుకుంటుంది. పొద్దున అదే స్థితి నుంచి లేస్తుంది కాబట్టి బూట్ సమయంలో నడవాల్సిన చెక్‌కి అవకాశమే రాదు. షట్‌డౌన్ కాదు, స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ నొక్కండి. చాలామందికి కథ ఇక్కడితో అయిపోతుంది.

అవ్వలేదా? చెక్ నిజంగా షెడ్యూల్ అయిందో లేదో చూడండి. చెక్ఎన్‌టీఎఫ్‌ఎస్ సి: అని కొడితే చెబుతుంది. స్పెల్లింగ్ సీ, హెచ్, కే, ఎన్, టీ, ఎఫ్, ఎస్. షెడ్యూల్ అయి ఉండి కూడా నల్ల తెర మీద ‘వాల్యూమ్‌ను డైరెక్ట్ యాక్సెస్‌కి తెరవలేకపోయాం’ అన్న అర్థంలో ఒక లైను మెరిసి, విండోస్ లాగిన్‌కి వెళ్లిపోతే అప్పుడు అనుమానం సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ మీదా, డిస్క్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మీదా పెట్టుకోవచ్చు. వాటి డ్రైవర్లు విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే లేచి డ్రైవ్‌ని పట్టుకుంటాయి.

చూడాల్సిన ఇంకో చోటు రిజిస్ట్రీ, అంటే విండోస్ సెట్టింగుల ఖజానా. సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్ కింద బూట్ ఎగ్జిక్యూట్ అనే విలువ ఉంటుంది. మామూలుగా అందులో ‘ఆటోచెక్ ఆటోచ్క్ నక్షత్రం గుర్తు’ అనే ఒక్క లైనే ఉంటుంది. ‘స్పీడ్ పెంచుతాం’ అని వచ్చే క్లీనర్లు కొన్ని దీన్ని మార్చేస్తాయి. చేత్తో దిద్దకుండా చెక్ఎన్‌టీఎఫ్‌ఎస్ స్లాష్ డి కొట్టండి, డిఫాల్ట్‌కి తెస్తుంది. తర్వాత మళ్లీ షెడ్యూల్ చేయాలి.

యాంటీవైరస్ లేని చోట చెక్ నడపడం

పైవేవీ కుదరనప్పుడు, కుదిరినా మనసు ఒప్పనప్పుడు, దారి ఇది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. ఇది విండోస్ రికవరీ. ఇక్కడ నడిచేది వేరే చిన్న విండోస్, మీ సి డ్రైవ్‌లోని యాంటీవైరస్ నిద్రలోనే ఉంటుంది.

ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారి ఉండవచ్చు. డీఐఆర్ సి: అని కొట్టి యూజర్స్, విండోస్ ఫోల్డర్లు కనిపిస్తున్నాయో చూడండి. కనిపించకపోతే డి, ఈ చూడండి. దొరికిన అక్షరం మీద చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ నడపండి. ఎక్కువ కేసులకు స్లాష్ ఎఫ్ చాలు. చెడ్డ సెక్టార్ల అనుమానం గట్టిగా ఉండి, డేటా కాపీ అయిపోయి ఉంటేనే స్లాష్ ఆర్.

చివర్లో ‘లాగ్ మెసేజ్‌లను ఈవెంట్ లాగ్‌కి పంపలేకపోయాం, స్టేటస్ 50’ అని వస్తుంది. భయపడొద్దు. రికవరీలో రాసుకోవడానికి లాగ్ ఉండదు, అంతే. పైన తెర మీద వచ్చిన ఫలితాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లకు ఒక జాగ్రత్త. బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాట్లు) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. రీస్టార్ట్‌కి ముందే అకౌంట్ పేజీలోంచి కీ రాసిపెట్టుకోండి.

లక్షణం: ఆన్ చేసినప్పుడల్లా చెక్ నడుస్తుంది

ఎఫ్ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ సి: కొట్టండి. మొదటి మాట స్పెల్లింగ్ ఎఫ్, ఎస్, యూ, టీ, ఐ, ఎల్. ‘డర్టీ’ అని వస్తే, విండోస్ ఆ డ్రైవ్‌కి గుర్తు పెట్టిందన్నమాట. చెక్ పూర్తిగా నడిస్తేనే ఆ గుర్తు పోతుంది. యాంటీవైరస్ అడ్డుకుంటున్నందువల్ల సగంలో ఆగుతోందంటే పైన చెప్పిన రికవరీ దారిలో ఒకసారి పూర్తి చేయండి. అక్కడ పూర్తయ్యాక కూడా మళ్లీ డర్టీ అయితే యాంటీవైరస్‌ని వదిలేసి డిస్క్‌ని చూడండి. స్మార్ట్ రీడింగుల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, వాటిని చూపే టూల్స్ ఉంటాయి) 05, సీ5, సీ6 విలువలు పెరుగుతుంటే డిస్క్ మార్చే టైం వచ్చింది. సీ7 ఒక్కటే పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే వైరు) మార్చండి, అది చవక.

చెక్ఎన్‌టీఎఫ్‌ఎస్ స్లాష్ ఎక్స్ పెట్టి చెక్‌ని మూయించే సలహా కొందరిస్తారు. జబ్బు అలాగే ఉంటుంది, చెప్పే నోరు మూతపడుతుంది.

లక్షణం: డిస్క్ టూల్‌ని యాంటీవైరస్ ఆపేసింది

స్మార్ట్ చూసే టూల్, పార్టిషన్ టూల్ తెరవగానే మూసుకుపోతుంది, లేదా క్వారంటైన్‌లోకి (యాంటీవైరస్ అనుమానపు ఫైళ్లను బంధించే చోటు) పోతుంది. ఇవి నేరుగా సెక్టార్లను తాకే ప్రోగ్రాములు, కొన్ని రాన్సమ్‌వేర్‌లు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు) చేసేదీ అదే పని. అందుకే అనుమానం. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు ఆపారో రాసి ఉంటుంది. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (తెలియని ప్రోగ్రాములు ముఖ్యమైన ఫోల్డర్లను మార్చకుండా ఆపే రక్షణ) ఆపి ఉంటే, దాని కింద ‘అలౌ యాన్ యాప్’లో ఆ ఒక్క టూల్‌నే చేర్చండి. డ్రైవర్ లోడ్ కాలేదని వస్తే మెమరీ ఇంటిగ్రిటీ (నమ్మలేని డ్రైవర్లను అడ్డుకునే విండోస్ రక్షణ) పాత డ్రైవర్‌ని ఆపి ఉండొచ్చు. ఆ టూల్ తయారీదారు దగ్గర్నుంచి కొత్త వెర్షన్ తెచ్చుకోండి, మెమరీ ఇంటిగ్రిటీని ఆపకండి. క్రాక్ చేసిన టూల్ అయితే యాంటీవైరస్ మాటే నిజమనుకుని తీసేయండి.

లక్షణం: పాత యాంటీవైరస్ తీసేసినా గొడవ తగ్గలేదు

లైసెన్స్ అయిపోయిందని ఒకటి తీసి ఇంకొకటి వేస్తారు. పాతదాని ఫిల్టర్ డ్రైవర్ లోపలే ఉండిపోతుంది. ఎఫ్ఎల్‌టీఎంసీ ఫిల్టర్స్ అని కొడితే జాబితా వస్తుంది. ఆల్టిట్యూడ్ కాలమ్‌లో 320000 నుంచి 329999 మధ్య ఉన్నవి యాంటీవైరస్ డ్రైవర్లు. డబ్ల్యూడీఫిల్టర్ డిఫెండర్‌ది, దాన్ని కదపకండి. తీసేసిన కంపెనీ డ్రైవర్ అక్కడ కనిపిస్తే ఆ కంపెనీ వాళ్ల రిమూవల్ టూల్ తెచ్చి, సేఫ్ మోడ్‌లో (అవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) నడిపి, రీస్టార్ట్ చేసి జాబితా మళ్లీ చూడండి. ఫైలు చేత్తో డిలీట్ చేస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు.

చెక్ అయ్యాక కొత్త యాంటీవైరస్ తెరుచుకోకపోతే, దాని సొంత ఫైళ్లే ఆ రిపేరులో పోయి ఉండొచ్చు, రిపేర్ లేదా రీఇన్‌స్టాల్ చాలు. విండోస్ మొదలయ్యే సమయంలో నడిచిన చెక్ ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ కింద విన్‌ఇనిట్ పేరుతో, 1001 నంబరుతో ఉంటుంది. విండోస్ లోపల నడిపినదైతే చెక్‌డిస్క్ పేరుతోనే ఉంటుంది. సర్వీసుకి ఇచ్చేముందు అది ఫొటో తీసి చూపిస్తే మెకానిక్‌కి ఊహలతో పని ఉండదు.