పొద్దున్నే పై హోస్ పట్టుకుని చూడండి

డీజిల్ బండిలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తరచూ తగ్గుతోందా, దాని ట్యాంకు నుంచి పొంగిపోతోందా? రేడియేటర్ మార్చే ముందు ఈ పని చేయండి. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మూత తీసి మళ్లీ గట్టిగా బిగించండి. స్టార్ట్ చేసి, రేడియేటర్‌కి వెళ్లే పై హోస్‌ని చేత్తో నొక్కి చూడండి. ఫ్యాన్, బెల్టులకు చెయ్యి దూరంగా ఉంచండి.

వేడెక్కాక హోస్ గట్టిపడటం మామూలే. ఇంకా చల్లగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లో రాయిలా బిగుసుకుంటే మాత్రం సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు, హెడ్ పగిలి ఉండొచ్చు. ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని కూలెంట్‌తో చల్లబరిచే భాగం) చిట్లినా గ్యాస్ ఇలాగే చేరుతుంది, చాలామంది దీన్ని మర్చిపోతారు. హెడ్ దించడానికి ఒప్పుకునే ముందు ఈ కూలర్‌ని టెస్ట్ చేయమని మెకానిక్‌ని గట్టిగా అడగండి.

పొద్దున హోస్ లోపలికి నొక్కుకుపోయి చదునుగా కనిపిస్తే ఎక్కువగా మూతదే తప్పు. చల్లారేటప్పుడు కూలెంట్‌ని వెనక్కి రానిచ్చే చిన్న వాల్వ్ మూత మధ్యలో ఉంటుంది, అది పట్టేసిందన్నమాట. కొత్త మూత మీద 0.9, 1.1 అని ఉండే ప్రెషర్ అంకె మీ బండి కంపెనీ చెప్పినదే ఉండాలి. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు మాత్రం మూత జోలికి వెళ్లకండి.