వరద రాత్రి పడవ ఎవరు తెస్తారు? కథలో ఆదుకునే పాత్రను రాయడం ఎలా?

కథ పీకల మీదికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు వచ్చి నాయకుణ్ణి గట్టెక్కిస్తారు. కొత్తగా రాసేవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే. నాయకుడి మీద, విలన్ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా ఈ మూడో మనిషి మీద పెట్టరు. అవసరానికి వస్తాడు, పని చేసి పెడతాడు, మళ్లీ కనిపించడు. కష్టం పెట్టిందీ రచయితే, తీసేసిందీ రచయితే అని పాఠకుడికి తెలిసిపోతుంది. ఇక ఆ తర్వాత ఎంత టెన్షన్ పెట్టినా ఎక్కదు.

గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు ఈ పాత్ర గురించి ఒక సంగతి ముందే తెలుసు. వరదలో ఆదుకోవడానికి వచ్చినవాడి ఇంట్లోకీ అదే నీరు వచ్చి ఉంటుంది. పడవ తెచ్చినవాడికీ పిల్లలుంటారు, వాళ్లూ ఏదో మిద్దె మీద ఎదురుచూస్తూ ఉంటారు. అంటే ఆ రాత్రి కష్టం నాయకుడిది మాత్రమే కాదు. ఇది మనసులో ఉంచుకుని, ఒక చిన్న కథ కట్టుకుంటూ ముందుకు వెళదాం.

కథ ఇది. 2022 జూలై. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలాక ఏర్పడిన లంకల్లో ఒక చిన్న ఊరు. సత్యవేణికి ఇరవై నాలుగేళ్లు. తల్లి లేదు. తండ్రి సూర్రావుకు రెండు గేదెలే ఆస్తి. నీరు పశువుల పాకలోకి వచ్చింది. గేదెల్ని వదిలి రానని తండ్రి భీష్మించుకుని కూర్చున్నాడు. తెల్లారేలోపు తండ్రిని ఏటిగట్టు మీదికి చేర్చాలి.

1. నాయకుడికి చేతకానిది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి

"సత్యవేణికి సాయం కావాలి" అని రాసుకుంటే ఏ పాత్రా పుట్టదు. ఆమెకు ఈత వచ్చు, తెడ్డు వేయడమూ వచ్చు. మరి లేనిదేమిటి? పడవ లేదు. అంతకన్నా ముఖ్యంగా, తండ్రి మనసు మార్చే మాట లేదు. ఇవి రెండు వేర్వేరు లోట్లు. రెంటినీ ఒకే మనిషి తీరిస్తే కథ చప్పబడిపోతుంది.

లోటును కచ్చితంగా చెప్పుకోవడం అంటే ఏమిటో అంతర్వేది స్థలపురాణం చూపిస్తుంది. రక్తవిలోచనుడి రక్తం ఇసుక మీద పడితే, తడిసిన ప్రతి రేణువు నుంచీ ఇంకో రాక్షసుడు లేస్తాడు. వసిష్ఠుడు ప్రార్థిస్తే నరసింహస్వామే దిగివచ్చాడు, అయినా వట్టి బలంతో పని జరగలేదు. కావలసింది ఇంకా పెద్ద ఆయుధం కాదు. ఆ రక్తం నేలను తాకకుండా చూసేవాళ్లు. అందుకే మాయాశక్తి వచ్చి నేలంతా పరుచుకుంది. అడ్డంకి ఎంత కచ్చితంగా ఉంటే, ఆదుకునే పాత్ర అంత కచ్చితంగా తయారవుతుంది.

2. ఎలాంటి తోడు కావాలో ఎంచుకోండి

రష్యన్ జానపద కథలను పరిశీలించిన వ్లదీమీర్ ప్రోప్ 1928లోనే కథల్లోని పాత్రలను అవి చేసే పనిని బట్టి విడదీశాడు. వాటిలో మనకు పనికొచ్చేవి రెండు. నాయకుణ్ణి పరీక్షించి ఒక వస్తువో శక్తో ఇచ్చే దాత ఒకరు. వెంట ఉండి పని చేసి పెట్టే సహాయకుడు ఇంకొకరు. ఇది మంచి మొదలే. కానీ మన కథల్లో ఇంకా రకాలున్నాయి, వాటిని పక్కన పెట్టకూడదు.

ఉన్న శక్తిని గుర్తు చేసేవాడు జాంబవంతుడు. సముద్రం ముందు ఆయన హనుమంతుడికి కొత్తగా ఏమీ ఇవ్వలేదు, నీలో ఉన్నదేమిటో చెప్పాడంతే. దాటించేవాడు గుహుడు. గంగ దాటించాక వనవాసం రాముడిదే. అవతలి పక్షం నుంచి వచ్చేవాడు విభీషణుడు. ఇలాంటి పాత్ర వచ్చినప్పుడు సాయం కన్నా అనుమానమే పెద్ద కథ. నమ్మాలా వద్దా అని సుగ్రీవుడు వాదించే ఘట్టం అందుకే ఉంది. మీ కథలో ఇలాంటివాడు వస్తే, ఆ వాదనకు చోటివ్వకుండా వెంటనే నమ్మించకండి.

నా దృష్టిలో వీళ్లందరికన్నా శ్రద్ధగా చదవాల్సిన పాత్ర సంపాతి. సీత జాడ తెలియక వానరులు చావడానికి సిద్ధపడి కూర్చుంటారు. అక్కడికి రెక్కల్లేని ముసలి గద్ద వస్తుంది. ఆదుకోవడానికి కాదు. ఆకలితో ఉంది, తిండి దొరికిందని సంబరపడుతుంది. ఇంతలో అంగదుడి నోట జటాయువు పేరు వినబడుతుంది. జటాయువు సంపాతికి తమ్ముడు. ఆ తమ్ముణ్ణి ఎండ నుంచి కాపాడబోయే అతని రెక్కలు కాలిపోయాయి. ఇప్పుడు ఆ తమ్ముడు చనిపోయాడని తెలిసింది. ఆ దుఃఖంలోంచి మాట్లాడతాడు, దూరాన లంక కనిపిస్తోందని చెబుతాడు. చెప్పాక రెక్కలు మళ్లీ మొలుస్తాయి. వచ్చినప్పుడు అపాయంలా వచ్చాడు. సాయం చేయడానికి తన సొంత కారణం ఉంది. సాయం చేశాక తన కథ కూడా ఒక కొలిక్కి వచ్చింది. ఇన్ని పనులు చేసిన పాత్ర కనిపించేది కాసేపే.

మన కథకు ఇద్దరు చాలు. పడవవాడు ఏసుబాబు దాటించేవాడు. చిట్టెమ్మ మామ్మ గుర్తు చేసే మనిషి. సూర్రావుతో గట్టు తగాదా పడి మాటలు మానేసిన మేనమామను కూడా తేవచ్చు, విభీషణుడి తరహాలో. కానీ చిన్న కథలో ముగ్గురు ఆదుకునేవాళ్లుంటే కష్టం కష్టంలా అనిపించదు. నేనైతే మేనమామను వదిలేస్తాను.

3. ఆ మనిషికీ ఆ రాత్రి ఉండాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ మెట్టు మీదే గడపండి. ఆదుకునే ప్రతి పాత్రకూ మూడు ప్రశ్నలు వేయండి. నాయకుడు పిలిచే నిమిషానికి ఇతను ఏ పనిలో ఉన్నాడు? వస్తే ఏం పోగొట్టుకుంటాడు? అయినా ఎందుకు వస్తాడు?

ఏసుబాబుకు ఉన్నది ఒక్క నాటు పడవ. పెళ్లాం, పిల్లలు స్కూలు మిద్దె మీద ఉన్నారు. చీకట్లో, ఆ ఒరవడిలో ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు తిరగలేడు. సత్యవేణి కోసం ఒక దఫా తిరిగితే, ఇంకొకరి కోసం తిరగని దఫా అవుతుంది. మరి ఎందుకు వస్తాడు? మంచివాడు కాబట్టి అని రాయకండి. మంచితనం నిజమే, కానీ కథలో అది కారణంగా నిలబడదు. సత్యవేణి తల్లికి జబ్బు చేసిన రోజు, పడవ బేరంలో ఉండి ఆలస్యంగా వచ్చాడనుకోండి. ఆ సంగతి అతనూ మరిచిపోలేదు, సూర్రావూ మరిచిపోలేదు. ఇప్పుడు ఏసుబాబు గెడ పట్టుకోవడంలో ఒక బరువు వచ్చింది.

చిట్టెమ్మ మామ్మ వయసు కూడా లెక్క చూసి పెట్టండి. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. 1986లో పాతికేళ్ల కోడలుగా ఉన్న మనిషికి 2022లో అరవై ఒకటి. ఆమె వరదను పుస్తకంలో చదవలేదు, చూసింది. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు కూలిపోవడమూ చూసింది. అలాంటి మనిషి నోట ఉపన్యాసం రాదు, రెండు ముక్కలు వస్తాయి. "కట్టేసినవి గుంజకే పోయాయమ్మా. విప్పేసినవి ఎక్కడో ఒడ్డు పట్టుకున్నాయి." ఈ మాటను గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

4. కష్టం రాకముందే ఆ పాత్రను ఊళ్లో తిప్పండి

ఎండాకాలంలో, నీరు లేని పాయలో పడవ తిరగేసి తారు పూస్తున్న ఏసుబాబును మొదటి పేజీల్లోనే చూపించండి. సూర్రావు పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోవాలి. అంతే. అప్పుడే ఏదో జరగబోతోందని సైగ చేయకండి.

లక్క ఇంటి కథలో విదురుడు ఈ పని ఎంత ముందుగా చేశాడో చూడండి. పాండవులు వారణావతం బయలుదేరేటప్పుడే ధర్మరాజుకు మర్మంగా హెచ్చరిక చెప్పాడు. తర్వాత సొరంగం తవ్వేవాణ్ణి పంపాడు. గంగ దాటడానికి పడవవాణ్ణి ఉంచాడు. నిప్పంటుకునే వేళకు అన్నీ సిద్ధంగా ఉన్నాయి, అయినా ఉత్కంఠ తగ్గలేదు. ఈ కథను 11వ శతాబ్దంలో నన్నయ తెలుగు చేసింది రాజమహేంద్రవరంలోనే. గోదావరి వాళ్లకు ఇంతకన్నా దగ్గరి పాఠం అక్కర్లేదు.

5. గడియారం పెట్టండి

సాయం ఎప్పుడు అందుతుందన్నది మీ ఇష్టానికి వదలకండి, బయటి లెక్కకు కట్టేయండి. డెల్టాలో ఆ లెక్క రెడీగా ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో పెరిగిన నీరు ఆ క్షణమే లంకలకు రాదు, కాస్త వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధే మీ కథకు సమయం. మొదటి హెచ్చరికకు సూర్రావు తేలిగ్గా తీసుకుంటాడు, జూలైలో ఇంతకన్నా ఏం వస్తుందిలే అంటాడు. రెండోదానికి కాజ్‌వే మీద దారి ఉండదు. మూడోది వచ్చేసరికి పడవ తప్ప గతి లేదు.

6. అడగ్గానే ఇవ్వనివ్వకండి

ప్రోప్ చెప్పిన పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. పొడుపుకథో పందెమో కానక్కర్లేదు. ఒక్క ప్రశ్న చాలు.

"ఏసుబాబు బాబాయ్, మా నాన్నని ఎక్కించుకోవాలి."

"వస్తానన్నాడా?"

సత్యవేణి మాట్లాడలేదు.

"అమ్మాయ్, నిన్నే. వస్తానన్నాడా?"

"గేదెల్ని వదిలి రానంటున్నాడు."

ఏసుబాబు గెడ దించి లోతు చూశాడు. "నా పిల్లలు స్కూలు మిద్దె మీదున్నారు. వాళ్లని గట్టు మీద దింపి ఇటే వస్తాను. మీ అరుగు దగ్గర ఆగుతాను. నేను దిగి బతిమాలను. ఇద్దరూ అరుగు మీదుంటే ఎక్కించుకుంటాను."

అతను కాదనలేదు. అలాగని పని మొత్తం నెత్తిన వేసుకోలేదు. తన హద్దు చెప్పాడు. పిల్లల్ని ముందు దింపుతానని దాచకుండా అన్నాడు, అందువల్లే అతని మాట మీద నమ్మకం కుదురుతుంది. ఇలాంటి చోట "నీ కోసం ప్రాణమైనా ఇస్తాను" తరహా డైలాగులు పడితే సీను పాడైపోతుంది. డెల్టా మనుషులు సాయం చేసేటప్పుడు పెద్ద మాటలు వాడరు.

7. చివరి పని నాయకుడికే వదలండి

లక్క ఇంట్లో సొరంగం వేరొకరు తవ్వారు. నిప్పు పెట్టింది భీముడు. తల్లినీ అన్నదమ్ముల్నీ మోసుకుంటూ అడవిలో నడిచిందీ అతనే. ఆదుకునే పాత్ర దారి చూపిస్తుంది, మనసును కోసే పని మాత్రం నాయకుడి చేతికి రావాలి.

మన కథలో ఆ పని ఏమిటి? మామ్మ చెప్పిన మాట ఉంది. పడవ వస్తుంది. తండ్రి మాత్రం కదలడు. సత్యవేణి పాకలోకి వెళ్లి గేదెల్ని వదిలేయాలి. తండ్రి ప్రాణంగా చూసుకునే వాటిని, ఆయన కళ్ల ముందే, చీకటి నీళ్లలోకి. ఈ సీనును తొందరగా దాటేయకండి. పలుపు నీళ్లకు నానిపోయి ముడి బిగుసుకుపోయి ఉంటుంది, వేళ్లతో రాదు. గేదె బెదిరి మెడ లాగుతుంటే ముడి ఇంకా బిగుస్తుంది. కొడవలి కావాలి. (ఆ కొడవలి చూరులో ఉందని ముందే ఒకసారి చూపించి ఉండాలి.) మొదటి పలుపు తెగాక గేదె వెంటనే వెళ్లదు, అక్కడే నిలబడుతుంది. దాన్ని తరమాలి. వెనక నుంచి తండ్రి అరుస్తుంటాడు. రెండోదాన్ని కోసే వేళకు అరుపు ఆగిపోతుంది.

ఏసుబాబు వచ్చి ఆ పలుపులు కోసేస్తే పని సులువే. కానీ అప్పుడు అది ఏసుబాబు కథ.

8. తర్వాత లెక్క తేల్చండి

నీరు తీశాక ఆదుకున్నవాళ్లను మరిచిపోకండి, పాఠకుడు మరిచిపోడు. పెద్ద సీను అవసరం లేదు. పునరావాస కేంద్రంలో భోజనాల వరసలో సూర్రావు, ఏసుబాబు పక్కపక్కన కూర్చోవడం చాలు. గేదెలు దొరికాయా లేదా అన్నది మీరే తేల్చుకోండి. నాకైతే ఒకటి దొరకాలి, ఒకటి దొరక్కూడదు.

చిత్తు ప్రతి పూర్తయ్యాక ఇంకో పని చేయండి. ఏసుబాబు వైపు నుంచి ఆ రాత్రిని ఒక పేజీ రాయండి. పిల్లల్ని దింపిన చోటు, భార్య వెళ్లొద్దని ఏమంది, తిరిగి వచ్చే దారిలో ఎవరి కేక విని ఆగలేకపోయాడు, ఇవన్నీ. ఆ పేజీని కథలో పెట్టక్కర్లేదు. అందులోంచి ఒకటో రెండో వాక్యాలు ఆరో మెట్టు సంభాషణలోకి వాటంతట అవే వస్తాయి. పేజీ రాయడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే, మూడో మెట్టులోని ప్రశ్నలకు మళ్లీ మొదటి నుంచి జవాబులు రాయండి.