సెల్‌లో నీలం వచ్చింది సరే, అది అమ్మోనియానేనా?

ఎమ్మెస్సీ ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు టైటిల్స్ పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చినప్పుడల్లా ఈమధ్య ఒకటి తప్పకుండా ఉంటోంది: గాలి, నీళ్లు, కరెంటుతో అమ్మోనియా. వద్దనను. కాకపోతే బెజవాడలో మా కాలేజీ ల్యాబు లాంటి చోట దాన్ని ఎలా చేయాలో ముందే చెప్పేస్తాను.

ఎవరితో పోటీ పడుతున్నారో మొదట తెలుసుకోండి. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్యను జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ 1909లో ల్యాబులో చేసి చూపించాడు, దాన్నే 1913కల్లా బాష్ జర్మనీలోని ఒప్పావులో ఫ్యాక్టరీగా నిలబెట్టాడు. ఇప్పటికీ అదే దారి: ఇనుప ఉత్ప్రేరకం, 400–500 డిగ్రీల వేడి, వంద అట్మాస్ఫియర్లు దాటిన పీడనం. ఒక్క విడతలో పావు వంతు వాయువు కూడా మారదు, మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ తిప్పుతారు. కార్బన్ డయాక్సైడ్ బెడద వచ్చేది ఆ రియాక్టరు దగ్గర కాదు, సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే దగ్గర. ఆ హైడ్రోజన్‌ను నీళ్లనుంచి కరెంటుతో తీసుకోవచ్చు. పంజాబ్‌లోని నంగల్‌లో 1960ల్లోనే తీశారు. ఇవాళ గ్రీన్ అమ్మోనియా అంటున్నది చాలావరకు ఇదే.

మీరు చేయబోయేది వేరు. నైట్రోజన్‌ను నేరుగా ఎలక్ట్రోడ్ మీదే అమ్మోనియా చేయాలి. చిక్కేమిటంటే, నీళ్లలో మీరిచ్చిన కరెంటు దాదాపు అంతా హైడ్రోజన్ బుడగల కిందే పోతుంది.

అందుకే సెల్ (ద్రావణంలో ఎలక్ట్రోడ్లు ముంచి కరెంటు ఇచ్చే పాత్ర) బిగించే ముందు కాగితం మీద లెక్క వేయండి. 10 మిల్లీ ఆంపియర్లు గంటసేపు ఇస్తే 36 కూలుంబులు. ఒక్కో అమ్మోనియా అణువుకు 3 ఎలక్ట్రాన్లు. మొత్తం కరెంటూ అమ్మోనియాకే పోతే వచ్చేది 2.1 మిల్లీగ్రాములు. ఒక్క శాతమే పోతే 21 మైక్రోగ్రాములు. 50 మిల్లీలీటర్ల ద్రావణంలో అది లీటరుకు 0.4 మిల్లీగ్రాములు. ఇంత కొంచెం అమ్మోనియా మీ ఊపిరిలోంచీ రావచ్చు, నైట్రైల్ గ్లవ్స్ నుంచీ రావచ్చు. పక్క గదిలో డిగ్రీ పిల్లలు సాల్ట్ ఎనాలిసిస్‌లో మూడో గ్రూపు కోసం అమ్మోనియం హైడ్రాక్సైడ్ సీసా మూత తీస్తే ఇక చెప్పక్కర్లేదు. వాళ్ల ప్రాక్టికల్స్ లేని రోజే రన్ పెట్టుకోండి.

సిలిండర్ నుంచి వచ్చే నైట్రోజన్‌ను నేరుగా సెల్‌లోకి వదలొద్దు. ముందు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలోంచి పంపితే అమ్మోనియా ఆగుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు దానికి లొంగవు, వాటికి క్షారం కలిపిన పర్మాంగనేట్ బుడ్డి ఇంకొకటి పెట్టాలి. సెల్ నుంచి బయటికొచ్చే గొట్టాన్ని కూడా ఆమ్లంలోనే ముంచండి, తయారైన కాస్తా ఎగిరిపోకుండా. సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే మెంబ్రేన్ (పలుచటి పొర) అమ్మోనియంను పీల్చుకుని తరువాతి రన్‌లో వదులుతుంది కాబట్టి ప్రతిసారీ ఆమ్లంలో కడగాలి.

కొలతకు ఇండోఫినాల్ పద్ధతి చాలు, అమ్మోనియా ఉంటే ద్రావణం నీలం రంగుకు తిరుగుతుంది. శాలిసిలేట్, హైపోక్లోరైట్, నైట్రోప్రుసైడ్ కలిపి చీకట్లో ఉంచి, రంగు ఎంత చిక్కగా ఉందో 655 నానోమీటర్ల దగ్గర చదవండి. పోల్చి చూసుకోవడానికి, తెలిసినంత అమ్మోనియా కలిపి చేసే స్టాండర్డ్ ద్రావణాలను మాత్రం మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా మీ ఎలక్ట్రోలైట్‌లోనే, అంటే సెల్‌లో పోసే ద్రావణంలోనే చేసుకోవాలి. ద్రావణం మారితే రంగు ఎంత చిక్కగా వస్తుందో కూడా మారిపోతుంది.

"మేడమ్, నీలం వచ్చిందండీ!" అని పరిగెత్తుకొస్తారు. రానీ. నేనడిగేది ఒక్కటే: ఆర్గాన్‌తో చేశారా? నైట్రోజన్ స్థానంలో ఆర్గాన్ పెట్టి, అదే కరెంటు, అంతేసేపు ఇవ్వాలి. దానికీ నీలం వచ్చిందంటే మీ అమ్మోనియా గాలి నైట్రోజన్‌ది కాదు. ఆర్గాన్ దొరకదన్న సాకు ఈ ఊళ్లో చెల్లదు, ఆటోనగర్‌లో టిగ్ వెల్డింగ్ చేసేవాళ్లంతా వాడేది అదే; దాన్నీ అవే బుడ్డీల్లోంచి పంపండి. రెండోది, నైట్రోజన్ వదులుతూ కరెంటు ఇవ్వకుండా ఒక రన్. ఈ రెండు రన్‌లనూ ఇంకోసారి చేసి చూడండి.

ఆర్గాన్‌లో రంగు వస్తే నా మొదటి అనుమానం ఉత్ప్రేరకం మీదే. ఐరన్ నైట్రేట్‌తోనో యూరియాతోనో వండిన పొడిలో నైట్రోజన్ ముందే ఉంటుంది. నైట్రేట్ అమ్మోనియాగా మారడం గాలి నైట్రోజన్ మారడం కన్నా ఎంతో తేలిక. క్లోరైడ్ లవణంతో మళ్లీ తయారుచేసుకోండి.

పేపరు పంపాలనుకుంటే మాత్రం నైట్రోజన్-15 (మామూలు నైట్రోజన్ కన్నా కాస్త బరువైన ఐసోటోపు) వాయువు తప్పదు, దాన్నుంచి వచ్చిన అమ్మోనియాను వేరుగా గుర్తుపట్టొచ్చు. ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువులను గుర్తుపట్టే పరికరం) స్పెక్ట్రమ్‌లో మామూలు అమ్మోనియం మూడు గీతలుగా, నైట్రోజన్-15 అమ్మోనియం రెండు గీతలుగా కనిపిస్తుంది. ఈ పరీక్షలన్నీ తప్పనిసరి అంటూ 2019లో నేచర్ పత్రికలో పెద్ద పేపరే వచ్చింది. ఆ వాయువు ఖరీదు, మనలాంటి డిపార్ట్‌మెంట్లకు భారం. ఖరీదు పెట్టి కొన్న ఆ సిలిండర్‌లోనూ అమ్మోనియా కలిసి ఉండొచ్చు, దాన్నీ శుద్ధి చేయాల్సిందే.

నీళ్లకు బదులు లిథియం దారిలో వెళ్లినవాళ్లకు నమ్మదగిన ఫలితాలు వచ్చాయి: లిథియం ముందు నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది, దానికి ప్రోటాన్లు అందిస్తే అమ్మోనియా. కానీ తేమ తగలకూడదు, గాలి, తేమ చొరబడని గ్లవ్ బాక్స్ కావాలి, లిథియం పూత వేయడానికే బోలెడు వోల్టేజి పోతుంది. మన ల్యాబులో వద్దు.

నాలుగు నెలల్లో చూపించదగ్గ ఫలితం కావాలంటే నా సలహా, టైటిల్ మార్చి నైట్రేట్ నుంచే మొదలుపెట్టండి. దాన్ని దాచక్కర్లేదు, మురుగునీటి శుద్ధికి పనికొచ్చే పనే. అప్పుడు ఒక్కో అమ్మోనియాకు ఎలక్ట్రాన్లు 3 కాదు, 8. పై లెక్క మళ్లీ వేసుకుని రండి, టైటిల్ మీద సంతకం పెడతాను.